ఓడలో పదకొండు వాటాలు

సూరాడ దేముడమ్మని మీలో సిన్నోళ్ళు ఎరగరు గావాల, మన రేవులో రెండో వరస, తాటాకు వసారా ఉండే ఇల్లు ఆవిడదే. పొట్టిగా ఉంటాది గాని తట్ట నెత్తినెట్టుకుని నడిసిందంటే ఎనకాల మగోడు పరిగెట్టాల. ఆవిడ ఓడెక్కిన సంగతి సెప్తాను ఇనండి. ఓడంటే మన మరపడవ కాదు, ఇశాపట్నంలో ఎక్కించుకుని సెన్నపట్నం దాకా మడుసుల్ని తిప్పి తెచ్చే ఓడ. పని మీద ఎక్కరంట దాన్ని, తినడానికీ ఆడుకోడానికీ ఎక్కుతారంట. సదువుకున్నోళ్ళు క్రూజు అంటారు. ఏటయిందంటే, అమ్మోరి పండక్కి మేం పదకొండు మందిమి ఒకే రంగు కోకలు కొన్నాం. ఆ కొట్టోడు మా అందరికీ కలిపి ఒక కూపనిచ్చినాడు, దానికి తగిలింది బగుమానం. ఇద్దరికి టిక్కెట్టు, మూడు రోజులు, తిండీ తిప్పలూ అన్నీ అందులోనే. పదకొండు మందిలో ఇద్దరెవులు? సీటీలేసుకున్నాం. దేముడమ్మ పేరొచ్చింది, ఆవిడ ఆడబిడ్డ అప్పలకొండ పేరొచ్చింది. మరి మన మగోళ్ళు ఊరుకుంటారా? ఆడది పడవెక్కితే గంగమ్మ తల్లికి కోపం, వలలో సేప పడదు అని లేసినారు. దేముడమ్మ తట్ట దించి, అది పడవ కాదు, పన్నెండు అంతస్తుల మేడ, మేడెక్కితే గంగమ్మకేటి నొప్పి అన్నాదంట. మళ్ళీ తట్ట నెత్తినెట్టుకుని బేరానికెల్లిపోయింది.

ఇక్కడ మీకు వాటా సంగతి సెప్పాల. మన రేవులో వేటకెల్లొచ్చినాక సేపలు ఒడ్డున కుప్పలెడతారు కదా. జొరమొచ్చి ఇంటికాడ పడుకున్నోడికీ ఒక కుప్ప ఉంటాది. తండేలు, అదే పడవ పెద్ద, పేరెట్టి పిలుస్తాడు. మడిసి అక్కడ లేకపోతే ఆడి తరపోళ్ళు ‘ఉన్నాడు’ అనాల. ‘నేదు’ అనకూడదు. వాటాలు ఎత్తీదాకా ఆ మాట నోట్లోకి రాకూడదు, అంటే ఆ మడిసికి సెడుపు. దేముడమ్మ ఆ లెక్కే తీసింది. సీటీ నాకొచ్చింది గాని కూపను పదకొండు మందిది, నాను తినేదీ సూసేదీ ఆడేదీ పదకొండు వాటాలెయ్యాల, ఎవులికేటి కావాలో సెప్పండి అన్నాది. ఇంక సూసుకో. ఒకర్తి మిఠాయిలన్నీ రుసి సూసి రమ్మంది. నీలమ్మ, ఓడ మీద ఈతకి సెరువున్నాదంట, అది ఉప్పునీరా మంచినీరా తేల్చుకు రమ్మంది. గౌరమ్మ డేన్సు నేర్సుకు రమ్మంది, దానికి అరవై రెండేళ్ళు, ఎందుకో మీరే అడగండి. నా వంతు వచ్చింది. మీకు తెలుసు కదా, నా పెనిమిటి గనగళ్ళ ఎల్లాజీ వేటకెల్లి రానేదు, అప్పటికి పన్నెండేళ్ళు. మడిసీ దొరకనేదు, గుడ్డా దొరకనేదు. ఏడాది పాటు తండేలు ఆడి పేరు పిలిసేవోడు, నాను ‘ఉన్నాడు’ అనీదాన్ని, వాటా ఎత్తుకొచ్చీదాన్ని. ఒక రోజు పిలవడం మానీసినాడు. నేదు అని ఎవులూ అన్నేదు, ఉన్నాడు అనీ అన్నేదు. నాను బొట్టెట్టుకోవాలో తీసీయాలో తేలనేదు. ఒడ్డు కనపడనికాడ అంతా నల్లనీరు, అక్కడ పోయినోడు పోయినట్టే అని మగోళ్ళు సెప్పీవోరు. నల్లనీరు, నల్లనీరు అని పన్నెండేళ్ళు అదే నా కళ్ళలో ఆడింది. అందుకని నాను ఒక్కటే అడిగినాను. “దేముడూ, ఒడ్డు కనపడని సోటు పగటేళ సూసి రా. నాకింకేటొద్దు” అన్నాను. అది నా మొగమేపు సూసింది, సరేనప్పా అన్నాది.

ఎక్కినారు. ఎక్కిన గంటకి అప్పలకొండ మంచమెక్కీసింది. సంద్రం పక్కన పుట్టి, సంద్రం పక్కన పెరిగి, ఓడ ఊగకముందే కక్కుకోవడమేటో మరి. దేముడమ్మ దాని నోట్లో నిమ్మకాయ పెట్టి, తలుపేసి, ఓడ సూడ్డానికి బయలెల్లింది. కొత్త ఊరికి బేరానికెల్తే ముందేటి సేస్తాం మనం? తట్ట దించకుండా ఈదులన్నీ ఒకసారి తిరుగుతాం కదా, ఎక్కడ కుక్కుంది, ఎక్కడ కొనే ఇల్లుంది అని. అలాగే కింద అంతస్తు నించి పై అంతస్తు దాకా సెప్పుల్లేకుండా తిరిగింది. తిండి సాల ఎక్కడ, ఏ తలుపుకాడ జనం తక్కువ, ఆటలెక్కడ, మెట్లెక్కడ, అన్నీ సూసుకుంది. రేపేటి జరుగుద్దో రాసిన కాయితం ఒకటి గది తలుపు కిందనించి తోస్తారంట. సదవడం రాదు కదా, అది పట్టుకుని తిండి సాల పెద్ద కాడికెల్లింది. ఆ అమ్మి పేరు సత్తివేణి, కాకినాడ పిల్ల, తిండికాడ అందరి మీదా పెత్తనం తనదే. మా గొప్ప కచ్చితం మడిసిలే. ఆవిడ సదివి సెప్తంటే దేముడమ్మ ఏళ్ళ కణుపుల మీద లెక్కేసుకుని పొద్దున్న ఆరింటినించి ఏ గంటకి ఎవులి వాటానో కట్టీసింది. అదీ తెలివంటే. ఉద్దోగస్తులు అదే ఓడలో పదింటిదాకా పడుకుని, ఏటీ బాగోలేదని దిగుతారంట.

తెల్లారి లేసి ముందు నా వాటాకే ఎల్లింది, పై అంతస్తుకి. సూస్తే పడమటేపు ఒడ్డు గీతలాగ కనపడతానే ఉన్నాది. అక్కడ పనిసేసేవోణ్ణి సైగలతో అడిగితే, మద్దేనానికి దూరమెల్తాం, సందేలకి మళ్ళీ ఒడ్డేపు తిరుగుతాం అని సైగలతోనే సెప్పినాడంట. సరే, మద్దేనం కూడు తినీసి రావాల అనుకుంది. ఈలోగా ఊరుకుందా? అక్కడెవులో ఆసనాలు ఏయిస్తన్నారు, తనూ ఏసింది. నలబై ఏళ్ళు తట్ట మోసిన ఎన్నుపూస కదా, ఆ నేర్పించీవోడే నోరెళ్ళబెట్టినాడంట. అక్కణ్ణించి ఈత సెరువు. కోకతో దిగకూడదన్నారు, బిగుతు గుడ్డలిచ్చినారు. ఏసుకుందా అంటే ఏసుకుంది అనుకో, పైన తువ్వాలు సుట్టుకుని. ఎవులూ సూడకుండా పుక్కిట్లోకి నీళ్ళు తీసింది. మంచినీరే, మందు వాసనున్నాది. సుట్టూరా ఇంత ఉప్పునీరు పెట్టుకుని మద్దెని మంచినీటి సెరువు తవ్వినోడి బుర్రకి దణ్ణమెట్టాలని ఇప్పటికీ అంటాది. తరవాత డేన్సు. వరసలో నిలబెట్టి రెండడుగులు ముందుకీ రెండడుగులు పక్కకీ ఏయిస్తన్నారంట. అలల్లో వల లాగే అడుగే కదా ఇది అనుకుని మనావిడ ఏసింది. కాసేపటికి ఏటయింది, మిగతా జనమంతా ఈవిణ్ణి సూసి ఏస్తన్నారు.

మద్దేనం పన్నెండవకముందే, జనం రాకముందే తిండి సాలకెల్లింది. ఎన్ని రకాలంటావు, ఈ మూల నించి ఆ మూల దాకా బల్లలే. ఇడ్లీ కాడినించి తెల్ల పేగుల్లాంటి ఏదో తిండిదాకా, ముట్టుకుంటే వణికే మిఠాయి దాకా. ఇంకోళ్ళయితే కంచం గోపురంలాగ ఎత్తి, సగం తిని సగం పారేసేవోరు. దేముడమ్మ అలాటి మడిసి కాదు. పదకొండు సిన్న కంచాలు తీసింది. కిటికీ పక్కన పెద్ద బల్ల మీద వరసగా పరిసింది. ఒక్కో రకం ఒక్కో సెంచా, అన్ని కంచాల్లోకీ సమానం. మెతుకు ఎక్కువ నేదు, తక్కువ నేదు. తరవాత కూకుని, ఇది నీలమ్మది, ఇది గౌరమ్మది, ఇది అప్పయ్యమ్మది, అంటే నాదన్నమాట, అని పేరు సెప్పుకుంటా ఒక్కో కంచం తినడం మొదలెట్టింది. సత్తివేణి సూసింది. ఎంతమందమ్మా మీరు అనడిగింది. పదకొండు మందిమి అన్నాది మనావిడ. మిగతావోళ్ళేరీ? ఒకర్తి గదిలో పడుకుంది. మరి తొమ్మిది మంది? ఉన్నారు. ఎక్కడున్నారు? ఉన్నారమ్మా, వాటాలు ఎత్తీదాకా ఏటీ అడక్కు అన్నాది. నేదు అనకూడదు కదా మరి. సత్తివేణి ఎల్లి లెక్క సూసింది, ఆ గదికి ఇద్దరే. మళ్ళీ వచ్చి పేర్లు సెప్పమంది. దేముడమ్మ తొమ్మిది పేర్లూ ఇంటిపేర్లతో సహా సెప్పింది. మళ్ళీ అడిగింది, వీళ్ళు నిజంగా ఉన్నారా? ఉన్నారు. ఓడెక్కినారా? దానికీ నేదు అనలేక, నా కూడా ఉన్నారు అన్నాది. తొమ్మిది మంది ఆడోళ్ళు ఓడలో కనపట్టం నేదంటే ఏటనుకోవాల? నీళ్ళలో పడిపోనారనుకోవాల. సత్తివేణి పరిగెట్టి పైకి కబురెట్టింది.

ఓడ ఆగిపోయింది. అంత ఓడ, రెండేల మంది జనం, నడి సంద్రంలో నిలబడిపోయింది అనుకో. గంటలు మోగినాయి, ఎవులి సోట్లో ఆళ్ళని నిలబెట్టి తలలు లెక్కెడతన్నారు. గోడల్లోని మైకుల్లో పేర్లు పిలుస్తన్నారు. గనగళ్ళ అప్పయ్యమ్మ అని నా పేరూ పిలిసినారంట, ఎక్కడ నాను, ఎక్కడ ఆ మైకు. మన దేముడమ్మ ఏటనుకుందంటే, అబ్బో, వీళ్ళకీ వాటాలు పిలిసే మర్యాదున్నాది అనుకుంది. లేసి నిలబడి పేరు పేరుకీ ‘ఉన్నాది’ అని గట్టిగా పలికింది. తొమ్మిదోది పలికి, ఆకరి కంచం తుడిసి, సెయ్యి కడుక్కుని, ఇప్పుడడగమ్మా అని సత్తివేణితో అన్నాది. అడిగితే సెప్పింది, ఆళ్ళందరూ మా రేవులో ఉన్నారు, ఇయ్యి ఆళ్ళ వాటాలు అని. సత్తివేణి తల పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. పాపం, ఆ పిల్ల తప్పేటున్నాది.

కేప్టెను కాడికి తీసుకెల్లినారు. ఆయనది మలయాళం దేశమంట, నెరిసిన గడ్డం. మొగం ఎర్రగా ఉన్నాదంట కోపంతో. సత్తివేణి అటు మాట ఇటు, ఇటు మాట అటు సెప్పింది. ఆయన ఏటేటో తిడతన్నాడు గాని దేముడమ్మ ఇంటే కదా. ఆ గదికి గోడల్లేవు, సుట్టూ అద్దాలే. అందులోంచి సూస్తే ఒడ్డు నేదు. పడమటేపు నేదు, ఏపునా నేదు. నా వాటా తప్పిపోద్దేమో అని తిండికాడనించీ బెంగెట్టుకున్న మడిసి అద్దానికి నుదురానించి సూసింది, ఆయన తిట్లయిపోయేదాకా సూసింది. అప్పుడు తిరిగి ఆయన్ని అడిగింది, తొమ్మిది మంది కోసం ఇంత ఓడ ఆపినావా బాబూ అని. తొమ్మిది మంది కాదు, ఒక్క మడిసి లెక్క తగ్గినా ఆపాల, పేరెట్టి పిలవాల, పలక్కపోతే ఎతకాల, సంద్రం మీద అదే నేమం అన్నాడు. దేముడమ్మ ఏటందో తెలుసా? “మరయితే ఒక పేరు మిగిలిపోనాది బాబూ. అది కూడా పిలిసీ” అన్నాది. ఎవులిది అన్నాడు. సెప్పింది. పన్నెండేళ్ళ కిందట ఇలాటి సోటే మా అప్ప పెనిమిటి లెక్క తగ్గినాడు, ఆడి కోసం ఏ పడవా ఆగనేదు, నడి సంద్రంలో ఎవులూ పేరెట్టి పిలవనేదు అని సెప్పింది. సత్తివేణి ఒక్క ముక్కా వదలకుండా ఆ మాట అటు సెప్పిందంట.

ఆయన కోపం ఎటెల్లిపోయిందో. టోపీ తీసి బల్ల మీదెట్టినాడు. మైకు తనే తీసుకున్నాడు. ఆయన నోరు తిరక్క గనగల్ల ఎల్లాజి అన్నాడంట, మూడుమార్లు పిలిసినాడు. రెండేల మంది ఇన్నారు. ఎవులూ పలకనేదు. ఆయన ఎంటనే ఓడ కదపమనలేదు. దుర్బిణీ తీసి కళ్ళకెట్టుకుని నాలుగేపులా తిరిగి సూసినాడు, నిజంగా ఎతికినట్టే సూసినాడంట, ఆకరికి దేముడమ్మేపు తిరిగి, కనపళ్ళేదన్నట్టు తల అడ్డంగా ఆడించినాడు. అప్పుడు కదిలింది ఓడ.

దిగి వచ్చినాక ఇసకలో కూకోబెట్టి అందరి వాటాలూ పంచింది. మిఠాయిలు సెప్తే నోట్లో నీళ్ళూరినాయి, గౌరమ్మ అక్కడికక్కడే అడుగులేసింది. నన్ను మాత్రం పక్కకి తీసుకెల్లి మొత్తం సెప్పింది. సెప్పి, నీళ్ళు నల్లగా లేవప్పా, నీలంగా ఉన్నాయి, ఎండ పడి మెరుస్తన్నాయి, సూడబుద్దేసింది అన్నాది. పిలిసినప్పుడు నువ్వు పలికినావేటి అనడిగినాను. నానెలా పలుకుతాను, అది నువ్వనాల్సిన మాట కదా అన్నాది. పిలిసినారు, ఓడ ఆపినారు, ఎతికినారు, పలకనేదు. ఇంకేటి కావాల మడిసికి? “నేదు దేముడూ, ఎల్లాజీ నేదు” అన్నాను. పన్నెండేళ్ళకి నా నోటితో నానే అన్నాను, అని కూకుని ఏడిసినాను. పక్క రోజు పెద్దకర్మ సేయించినాను. అదమ్మా దేముడమ్మంటే. ఆవిడ తిన్నన్ని రకాలు తిన్నోళ్ళు ఆ ఓడలో ఇంకోళ్ళున్నారేమో గాని, నడి సంద్రంలో ఓడ ఆపి మన రేవు మడుసుల్ని పేరు పేరునా పిలిపించినావిడ ఇంకోర్తి నేదు. మన మగోళ్ళా? ఆళ్ళిప్పటికీ నల్లనీరనే అంటన్నారు. అననీ, మేం సూసొచ్చినాం కదా.