నా ఎనకాల కూకున్న డాట్రమ్మ

“తాతా, ఫోన్లో రికార్డు పెట్టీసేను. ఆ డాట్రమ్మ సంగతి మొదట్నుంచీ సెప్పు.”

మొదట్నుంచంటే ఏడు రూపాయలే గుంటా. పరాయి దేశం జైలోళ్ళు వొగ్గీసేక నౌపడ టేషన్లో దిగితే నా జేబులో ఉన్నాది అంతే. టీ అర్ధరూపాయి అప్పుడు. కాదు కాదు, ముప్పావలా. తాగనేదులే. టీ ఇమ్మని అడగడానికి నోరు రావాలి కదా.

ఏటయిందంటే, సేపల కోసం పోయి మా పడవ హద్దు దాటీసింది. నలుగురం. ఇంకా ఎదరకి పోదామన్నోడ్ని నానే. మా అప్ప మొగుడు, అదే మా బావ, ఆ జైల్లోనే జొరమొచ్చి పోనాడు. నాకు ఒళ్ళు బాగోనేదని ముందు వొగ్గీసేరు, మిగతా ఇద్దరూ అక్కడే. ఇంటికొచ్చినా మాట రానేదు. “ఒరే, మీ బావ ఆకర్ని ఏటన్నాడ్రా” అని అప్ప అడిగీది. నాను వలేపు సూసీవోడ్ని.

అప్పుడు మిషనాస్పత్రిలో ఈ డాట్రమ్మ ఉండీది. సూది ఎయ్యదు, మందియ్యదు. మనసులో మాట ఇనడమే ఆయమ్మ వైద్యం. ఆళ్ళ దేశంలో సైన్యం పట్టుకుపోయినోళ్ళ పేర్లు, ఆళ్ళ తల్లులు సెప్తంటే ఇని రాసి బయటెట్టిందని, ఆయమ్మనీ జైల్లో ఎట్టి, దేశంలోంచే తరిమీసేరట. ఏ దేశమో నాకు నోరు తిరగదు. తెలుగు మాత్రం సంతలో నేర్సుకున్నాది, మనలాగే “ఏటి” అనీది.

రోజూ పదింటికొచ్చీది. నాను వల బాగుసేసుకుంతంటే ఎదురుగా కాదు, నా ఎనకాల కూకునీది. ముప్పావుగంట. ఏటీ అడగదు. అవగానే లేసి ఎల్లిపోయీది. ఫీజు మానీదనుకున్నావేటి? గుప్పెడు ఎండు నెత్తళ్ళ సేపలు. “మాటాడనోడి కాడ ఫీజేటి తల్లీ” అని మీ నాయనమ్మ నవ్వితే, “ఊరికే ఇంటే దయ అవుతాది. దయ మీద కోప్పడలేడు కదా” అన్నాది.

మూడు నెల్లయింది. ఓ రోజు నాకు కళ్ళంట నీళ్ళు కారతన్నాయి, ఈమె టైమయిందని సెప్పులు తొడుక్కుంతంది. ఒళ్ళు మండిపోనాది. “కూకో. ఇంకా అవనేదు” అన్నాను. నా గొంతేనా అని నాకే అనుమానం. ఆయమ్మ నవ్వనేదు. “రేపు పదింటికి” అనీసి నెత్తళ్ళు మూట కట్టుకుని ఎల్లిపోనాది.

మర్నాడు అంతా సెప్పీసేను. ఆ సాయంత్రమే అప్ప కాడికెల్లి, “పోదామన్నది నానే అప్పా” అన్నాను.

“నాకు తెల్దేటిరా, ఎప్పుడూ తొందర నీదే కదా. ఆయనేటన్నాడో అది సెప్పు.”

“కొత్త వల అటకెక్కించమన్నాడు, ఎలకలు కొట్టీగలవని.”

“ఎప్పుడో ఎక్కించీసేన్రా” అని, అప్పుడు ఏడ్సినాది.

నా మాటలు కాయితం మీదెట్టి, ప్రతి సోమవారం ఎవులెవులికో ఉత్తరాలు రాసీది డాట్రమ్మ. మిగతా ఇద్దరూ కూడా ఇంటికొచ్చేరు, ఆయమ్మ పున్నెమే. ఆయమ్మని మాత్రం, ఆళ్ళమ్మ పోతే కూడా ఆళ్ళ దేశమోళ్ళు ఊరెల్లనియ్యనేదు. ఆ రోజు నానెల్లి ఆయమ్మ ఎనకాల కూకున్నాను. ముప్పావుగంట.

సర్లే, ఇంక ఆపీ. మన పేటలో అప్పన్న కొడుకు, మొన్న జైలు నుంచొచ్చినోడు, మాటాడతనేదటగా. పదవుతంది. ఆ పీట ఇలగియ్యి. సల్లగుండు తల్లీ. నువ్వు ముందెల్లి ఆళ్ళమ్మకి సెప్పు, గుప్పెడు నెత్తళ్ళు సిద్ధంగా ఉంచమను. తాత ఊరికే కూకోడని సెప్పు.