నాలుగో అంతస్తులో ఓలీబొల్లెన్

డిసెంబరు ముప్పై ఒకటి మధ్యాహ్నం. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో చలిగాలి కోసేస్తోంది. నాలుగో అంతస్తు వరండాలో ముసలావిడ కొత్త సంవత్సరపు ఓలీబొల్లెన్ కోసం ఎండుద్రాక్ష కలిపిన పిండిని రెండు చెంచాలతో ఉండలుగా నూనెలోకి జారవిడుస్తుంటే, భవనం మేనేజరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

“వరండాలో బాణలి పెట్టకూడదని నోటీసు ఇచ్చాం కదమ్మా! చూడలేదా?”

“చూశాను బాబూ. అదిగో, వేగిన ఓలీబొల్లెన్ కింద దాన్నే పరిచాను. నూనె బాగా పీలుస్తోంది.”

“వేళాకోళమా? ఇంట్లో వేయించుకోండి.”

“ఇంట్లో వేయిస్తే ఆ వాసన ఈస్టరు దాకా కర్టెన్లని వదలదు. మా అమ్మా బయటే వేయించేది.”

“పోనీ, సంతలో బండి దగ్గర కొనుక్కోవచ్చుగా?”

“బండివాడు వచ్చి ఈ పద్దెనిమిది తలుపులూ తడతాడా? ముప్పై ఏళ్లుగా ఈ రోజున ఇంటింటికీ వెళ్లి వేడివేడిగా రెండేసి చేతిలో పెడుతున్నాను.”

“పోయినేడు మానేశారుగా! ఏం కొంపలు మునిగాయి?”

ఆమె చెంచాలు పక్కన పెట్టింది.

“నీ నోటీసుకి భయపడి మానేశాను. ఆ మధ్యాహ్నమే ఎనిమిదో నంబరు ఇంటి మైండర్ట్ వంటింట్లో పడిపోయాడు. ఎవరూ తలుపు తట్టలేదు. తొమ్మిదో రోజున గానీ శవం బయటికి రాలేదు.”

ఆవిడ పళ్లెం నింపి, పైన పంచదార పొడి చల్లి మేనేజరు చేతుల్లో పెట్టింది.

“నూనె కాగుతుంటే నేను కదలకూడదు. నువ్వే పంచిరా. ఎవరైనా తలుపు తీయకపోతే మాత్రం అక్కణ్ణించి కదలకు. తాళంచెవులున్నది నీ దగ్గరేగా!”