గోడ అవతలి పలకలు

అధ్యక్ష స్థానంలో కూర్చున్న పెద్దాయన ఓబులేసయ్య గారికి, ఇప్పుడు మా పలకల ఫ్యాక్టరీ నడుపుతున్న ఆయన కొడుకు నరేష్ బాబుకు, మేస్త్రీ శ్యాంసన్‌కు, రాతి దుమ్ము కడుక్కుని మంచి చీరలు కట్టుకొచ్చిన నా తోటి ఆడవాళ్లకు, ఈరోజుతో పని మానుకుని ఇంటికి పోతున్న ఈ యేసుమణి నమస్కారాలు. ఆ శాలువా కాసేపు ఆగాలి నాయనా, మడత విప్పొద్దు. ముందు నా మాట కావాలి. అమ్మాయ్ వందనా, ఆఫీసులో రాసేదానివి కదా, ఇది కూడా రాసుకో. రేపు ఎవరన్నా “ముసల్ది ఏందో వాగింది” అంటే చూపించడానికి ఉంటుంది. (నవ్వులు)

తర్లుపాడు నుంచి వయసులో ఉండగా వచ్చి ఈ షెడ్డులో కూర్చున్నాను. నాకు అక్షరం రాదు. అక్షరాలు కూర్చోవడానికి పీటలు చేశాను, అంతే. మంచి పలకను వేలితో తడితే గంటలా మోగుతుంది, లోపల పగులుంటే బొంగురుగా పలుకుతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కన్ను మూతపడితే, ఈ మార్కాపురం రాయంతా భూమి లోపల ఒక్కసారిగా మోగుతున్నట్టు వినిపించేది. ఆ మోతలోనే పిల్లలు కనపడేవాళ్లు. బారులు బారులుగా కూర్చుని ఉంటారు, ఒక్కొక్కరి ఒళ్లో సగం పలక, దాని మీద సగం అక్షరం. “అవ్వా, మిగతా సగమేదీ?” అనేవాళ్లు.

ఆ సగాలు ఎక్కడున్నాయో మా ఆడవాళ్లందరికీ తెలుసు. వెనక గోడ అవతల. పలక విరిగితే శ్యాంసన్ “ఎవురిదా చెయ్యి? చెయ్యా, రోకలిబండా?” అని అరిచేవాడు. ఆ అరుపు పడలేక, అతను అటు తిరగగానే ముక్కను గోడ మీదుగా విసిరేసి, కొంగుతో చేతులు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చోవడం మాకు ఆచారమైంది. కొత్తగా వచ్చినామెకు పలక పట్టడం కంటే ముందు అదే నేర్పేవాళ్లం. అవతల మేకలు మేపే మల్లమ్మ ఒకరోజు గోడ మీదుగా తల పెట్టి, “ఏందే, ఇన్ని పలకలు పంపిస్తన్నారు, నా మేకలకు చదువు చెప్తన్నారా?” అంది. (పెద్దగా నవ్వులు) నవ్వకు శ్యాంసనూ, నీ అరుపు వల్లే అవి అంత చదువుకున్నాయి.

పోయిన వానలకు ఆ కుప్ప బరువు మోయలేక గోడ లోపలికి కూలింది. దేవుని దయ, ఆదివారం కాబట్టి అందరం ప్రార్థనలో ఉన్నాం. సోమవారం వచ్చి చూస్తే మేము పారేసినవన్నీ మా పీటల దాకా పరుచుకుని ఉన్నాయి, తడిసి, నల్లగా మెరుస్తూ. ఆ పిల్లలే నడిచొచ్చి నా చోట కూర్చున్నారనిపించింది.

కోపంగా వచ్చిన నరేష్ బాబు గొంతుకూర్చుని ఒక్కో ముక్కా తిప్పి చూశాడు. “అవ్వా, అన్నీ ఒకే మూల విరిగినాయేంది?” అన్నాడు. అందరం చూశాం, నిజమే. ఇన్నేళ్లూ ప్రతి ఆడదీ తన చెయ్యే మంచిది కాదని లోపల్లోపల కుమిలిపోయింది. తప్పు చేతిది కాదు. కోత షెడ్డు నుంచి పలకలు తెచ్చే తోపుడుబండి మా గడప దగ్గర ఎగిరిపడేది. అడుగున ఉన్న పలక ఆ మూలనే పగిలి, మా చేతికొచ్చాక విరిగేది. గడప కొట్టేసి సిమెంటు పూశారు. రాయి మిగిలింది, లాభం పెరిగింది, బాబే ఇందాక ఈ మైకులో చెప్పాడు.

మరి ఇప్పుడేం చేస్తున్నారు? ఆ గోడ మళ్లీ లేపుతున్నారు. వచ్చే సోమవారం నుంచి పలక విరిగితే కూలిలో కోత అంటున్నారు. “గడప తీసేసినాం కదా అవ్వా, ఇంక విరిగితే మీ చేతి తప్పే” అంటాడు బాబు. బాబూ, కోత పెడితే విరగడం ఆగదు, కనపడటం ఆగుతుంది. భయపడినవాళ్ల చెయ్యి గోడ వైపే పోతుంది. మీ లాభం అవతల పడి ఉంటుంది, మల్లమ్మ మేకలు దాని మీద నడుస్తుంటాయి. నేనంటే ఇంటికి పోతున్నాను, నా కూలి ఎవరూ కోయలేరు. నా చోట కూర్చోబోయే గురమ్మకు ఆ కూలితోనే ఇల్లు నడవాలి. ఆమె కోసం అడుగుతున్నా. అడగడం కాదు, పట్టుబడుతున్నా.

ఇదిగో, నిన్న నా చేతిలో విరిగిన ఆఖరి పలక. గోడ మీదుగా వెయ్యలేదు. పూలదండల మధ్య, ఈ బల్ల మీదే పెడుతున్నా. ఇంకెవరి కొంగులో ఏముందో తీసుకురండి.

(గురమ్మ లేచి వచ్చి, కొంగుముడి విప్పి ఒక ముక్కను దాని పక్కన పెట్టింది. నరేష్ బాబు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.)

చూడండి, బాబు గురమ్మ ముఖం చూడటం లేదు, ముక్కను చూస్తున్నాడు. ఏమంటున్నావు నాయనా? గట్టిగా చెప్పు, వెనకవాళ్లకు వినపడాలి. “కోత లేదులే అవ్వా. ఇది నడిమికి విరిగిందేంది?” అంటున్నాడు. వందనా, ఆ రెండు మాటలూ రాసుకో.

నడిమికి విరిగిందంటే ఆ గడప లాంటిది ఇంకోటి ఎక్కడో ఉంది. అందరూ కలిసి వెతుక్కోండి. గోడను మాత్రం నడుమెత్తు దాటనియ్యకండి, అవతల ఏముందో కనపడాలి. ఇన్నేళ్లు కూడు పెట్టిన ఈ రాయికి, నా పక్కన కూర్చున్న చేతులకు, ఓపికగా విన్న మీ అందరికీ నా వందనాలు. ఇప్పుడు కప్పండి ఆ శాలువా. ఆ పిల్లలు మళ్లీ కలలోకొస్తే, మిగతా సగం బల్ల మీద ఉందని చెప్తాను. సెలవు.