కట్టు కట్టిన చిలక

పశువుల డాక్టరమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బల్లమీది పిల్లి కాలికి కట్టు కడుతోంది. అవతల మాట్లాడేది, ఆమె వెబ్‌సైటును తమ సర్వర్లో ఉంచుకున్న కంపెనీ ఉద్యోగి.

“అపాయింట్‌మెంట్ నొక్కితే జూదం ప్రకటనలొస్తున్నాయి బాబూ. ఈ నెల్లో ఇది మూడోసారి.”

“సర్వర్లో సాఫ్ట్‌వేర్ పాతది డాక్టరుగారూ. ఎవడో ఒకడు దూరుతూనే ఉంటాడు.”

“మరి కొత్తది వేసి చావచ్చు కదా!”

“వేస్తే ఇందులోనే ఉన్న ఓ పాత సైటు ఆగిపోతుందండీ. దాని ఓనరు ఒప్పుకోవాలి. ఏడు మెయిళ్లు పెట్టాం, ఉలుకూ లేదు పలుకూ లేదు.”

“ఎవరా మహానుభావుడు? కాళ్లావేళ్లా పడతాను, చెప్పు.”

“పేరు చెప్పకూడదండీ. మొదటి పేజీలో కాలికి కట్టుతో ఓ చిలక ఫొటో ఉంటుంది.”

ఆమె చెయ్యి ఆగిపోయింది.

“ఆ కట్టు కట్టింది నేనే. అది నా పాత సైటు బాబూ, మర్చేపోయాను! ఇప్పుడే పీకి పారెయ్యి.”

“హమ్మయ్య! అయితే ఆ సైటుకిచ్చిన మెయిల్ అడ్రసు నుంచి ఒక్క ముక్క రాయండి, చాలు.”

“నేనే చెప్తున్నాగా?”

“నాకు నమ్మకమేనండీ. ఆ మెయిల్ వస్తేగానీ కంప్యూటరు నన్ను ముట్టుకోనివ్వదు.”

“అది తెరుచుకోక నాలుగేళ్లయింది.”

అవతల కీబోర్డు కాసేపు టకటకలాడింది.

“నిజమేనండీ. ఆ మెయిలూ ఈ సర్వర్లోనే ఉంది. కొత్త ఫోన్లలో తెరుచుకోదు.”

“మరి తెరుచుకోవాలంటే?”

“సాఫ్ట్‌వేర్ కొత్తది వెయ్యాలండీ.”