గోడ మూసిన గొంతు

తిరుమలగిరిలోని వర్క్‌షాపులో గోడకు తగిలించిన పలచటి స్పీకర్ ముందు ఇద్దరు నిలబడ్డారు. దాన్ని గీసిన ఇంజనీరమ్మాయి, చేసిన వడ్రంగి. కొనేవాళ్లు రావడానికి అరగంట ఉంది.

"నిన్న బల్ల మీద బాగా మోగింది కదండీ మేస్త్రీ గారూ. గోడకెక్కాక గొంతు పట్టేసిందేటి?"

"నాకేమెరుక బిడ్డా? నువ్వు గీసినట్టే చేసిన."

"గాలి పోయే రంధ్రం ముందువైపు గీశాను. ఏదీ?"

"ఎన్కకు పెట్టిన. ముందల ఎలుక బొక్క లెక్క ఉంటదని."

"వెనక గోడ మూసేసింది కదా! ఇది నచ్చితేనే పన్నెండు ఫ్లాట్లకు తీసుకుంటామన్నారు. దీనికోసమే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశాను."

"జెర ఎడంగా తగిలిద్దామా?"

"గోడకు అతుక్కునుంటుందని మాటిచ్చాం. ముందువైపే రంధ్రం చెయ్యాలి."

"తొమ్మిది దినాలు పాలిష్ కొట్టిన. నా చెయ్యి రాదు బిడ్డా."

"అయితే డ్రిల్లు నాకివ్వండి."

"నువ్వా? చెక్క చీలుస్తవ్. జరుగు."

డ్రిల్లు ఆగింది. స్పీకర్లో పాట మళ్లీ మొదలైంది, ఈసారి నిండుగా. గేటు దగ్గర కారు ఆగిన చప్పుడైంది. అతను కొత్త రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు.

"ఊపిరి తీస్కుంటున్నది బిడ్డా!"

"చెయ్యి తియ్యండి మేస్త్రీ గారూ. గోడ చేసిన పనే మీరూ చేస్తున్నారు."