జమ కాని లైటు

బొగ్గుబావిలో పైకప్పు కూలి ఆరు రోజులైంది. తండ్రి ఇంకా లోపలే ఉన్నాడు. గేటు దగ్గరే కూర్చున్న తల్లి, కొత్త నోటీసు చూసి, డిగ్రీ చదివే కూతుర్ని లేపింది.

"ఇంగ్లీషుల ఏం రాసిన్రు బిడ్డా?"

"సెర్చ్ హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్."

"తెలుగుల చెప్పు."

'కాల్డ్ ఆఫ్' అన్న మాటను కూతురు క్లాసులో, వానకు రద్దయిన క్రికెట్ మ్యాచ్ ఉదాహరణతో నేర్చుకుంది.

"దేవులాడుడు బంద్ అయిందట అవ్వా."

"ఎవరు బంద్ జేసిన్రు?"

"పేరు లేదు."

"గట్లెట్ల జేస్తరు? మీ బాపు నెత్తికి పెట్టుకొని దిగిన లైటు ఇంక లైటు రూంల జమ కాలే. ఒక్క లైటు తక్కువున్నా లైటు రూమోళ్లు ఊకోరని ఆయనే చెప్తుండె. పోయి అడుగు."

కూతురు వెళ్లింది. లైటు రూంలో, ఖాళీగా ఉండాల్సిన తండ్రి నంబరు గూట్లో అప్పుడే కొత్త లైటు చార్జింగుకు పెట్టి ఉంది. ఎవరినీ ఏమీ అడగకుండా తిరిగొచ్చింది.

"ఏమన్నరు?"

"ఇంక జమ కాలేదట అవ్వా."

"మరి! నేను చెప్పలే?" అని తల్లి, ఆయన కోసం తెచ్చిన సద్దిగిన్నె ఒళ్లోకి తీసుకొని, గేటు వైపు తిరిగి మళ్లీ కూర్చుంది.