తెరిచి చూసిన తాళంచెవి

1997 జూలై ఏడో తేదీన మా పాఠశాలలో కంప్యూటర్ బోధకులుగా చేరి, పిల్లలకూ మాకూ ‘తాళాల మాస్టారు’గా ఆత్మీయులైన మా సహోద్యోగి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి ఏళ్లలో వారు నాలుగు పాత యంత్రాలతోనే తరగతులన్నిటికీ ఓపికగా పాఠం చెప్పారు. తరువాత ఉపాధ్యాయులందరికీ ల్యాప్‌టాప్‌లు ఇచ్చినప్పుడు, పిల్లల వివరాలు పరాయివారి చేతిలో పడకూడదని ప్రతి డిస్కునూ ఎన్‌క్రిప్ట్ చేసి, లోపలి సమాచారాన్ని గుప్తలిపిగా మార్చారు. పాస్‌వర్డ్ పనిచేయకపోతే దాన్ని తెరవగలిగేది పొడవైన రికవరీ నంబరు ఒక్కటే. దాన్ని కవరులో పెట్టి ప్రధానోపాధ్యాయిని గారి బీరువాలో దాచేవారు. అంతటితో ఆగక, ఏటా బడి తెరిచిన మొదటి వారంలో పాస్‌వర్డ్‌ను పక్కన పెట్టించి, ఆ నంబరుతోనే ప్రతి యంత్రాన్నీ తెరిపించి చూసేవారు.

స్టాఫ్ రూములో ఇదొక నవ్వులాట. సైన్సు ఉపాధ్యాయులైన నా భర్త ఒక ఏడాది, “మా ఇంటి గేటుకి కూడా ఇంత పరీక్ష లేదు మాస్టారూ” అన్నారు.

“గేటైతే దూకి పోవచ్చు సార్. దీన్ని దొంగా దూకలేడు, నేనూ దూకలేను. ముందు నంబరు కొట్టండి.”

కొట్టారు. తెరుచుకోలేదు. కారణం, సెలవుల్లో డిస్కు పాడైతే కొత్తది వేయించారు. కవరులో మాత్రం పాత డిస్కు నంబరే ఉండిపోయింది.

“పాత తాళంచెవి పట్టుకుని కొత్తింటికి బయల్దేరారన్నమాట” అంటూ మాస్టారు పాస్‌వర్డ్‌తో తెరిపించి, కొత్త నంబరు తీసుకుని, అదీ పనిచేస్తోందని చూశాకే కవరు అంటించారు.

ఆ ఏడాది చివర నా భర్త కన్నుమూశారు. ఆయన తన గొంతుతో రికార్డు చేసిన పాఠాలు ఆ డిస్కులో తప్ప మరెక్కడా లేవు. కొద్ది వారాలకు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయి, యంత్రం పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం మానేసింది. బజారులోని రిపేరు అతను, “మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కిస్తానమ్మా, అరగంట పని” అన్నాడు.

నా కూతురు యంత్రాన్ని అతని ముందు నుంచి లాక్కుంది. “ముందు తాళాల అంకుల్‌ని అడుగుదాం అమ్మా.”

ప్రధానోపాధ్యాయిని గారి ఎదుట కవరు చించి మాస్టారు నంబరు కొట్టారు. తెరుచుకుంది. అమ్మాయి మొదటి పాఠం నొక్కింది.

“వెనక బెంచీ, వినిపిస్తోందా?” అన్నారు నా భర్త.

“వినిపిస్తోంది నాన్నా” అంది అమ్మాయి.

మాస్టారు, “ముందు రెండు కాపీలు తీద్దాం తల్లీ. తర్వాత తీరిగ్గా వినొచ్చు” అన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో నిద్ర పట్టింది. మాస్టారు గారు చీకూచింతా లేని ఆరోగ్యంతో, తమవారి నడుమ సుదీర్ఘకాలం హాయిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. నా భర్త గొంతు మా ఇంట్లో వినిపించే ప్రతి సాయంత్రం నేనూ అమ్మాయీ ఇదే కోరుకుంటాం.